సభ్యుల పట్టిక డేటాబేస్‌లో, తాళం ఫోల్డర్‌కు: అపాచీ సర్వర్‌పై లాగిన్ కాపలా

పలాసలో జీడి వ్యాపారుల సంఘం ఒకటి వెబ్‌సైట్ నడుపుతోందనుకుందాం. రోజూ పొద్దున్నే 80 కిలోల పిక్కల బస్తా ధర, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాల పప్పు రేట్లు ఒక పీడీఎఫ్‌లో వేసి ‘ధరలు’ అనే ఫోల్డర్‌లో పెడతారు. చందా కట్టిన 180 మందికే అది కనబడాలి. నెలకు నలుగురైదుగురు కొత్తగా చేరతారు, ఇద్దరు ముగ్గురు చందా ఎగ్గొడతారు, ఎవరో ఒకరు పాస్‌వర్డ్ మర్చిపోయి గుమాస్తాకు ఫోన్ చేస్తారు.

వెబ్ పేజీలను బ్రౌజర్లకు పంపే అపాచీ సర్వర్‌లో ఫోల్డర్‌కు తాళం వేయడానికి అందరికీ తెలిసిన పాత దారి హెచ్‌టీపాస్‌వర్డ్ ఫైలు. ఒక్కో వరసలో ఒక్కో పేరు, పక్కన పాస్‌వర్డ్ హ్యాష్, అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి తీయలేని విధంగా మార్చిన అక్షరాల వరస. ఇరవై ముప్ఫై మందికి, ఏడాదికోసారి మారే జాబితాకు అదే చాలు. అంత చిన్న పనికి డేటాబేస్ పెట్టడం కొబ్బరికాయ కొట్టడానికి సుత్తి కొనుక్కోవడం లాంటిది. మనుషులు వారం వారం మారుతూ, చందా లెక్కలు అప్పటికే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నప్పుడు మాత్రం ఫైలు మొండికేస్తుంది. గుమాస్తా చందా తెరలో ఒకరిని తీసేస్తాడు, ఫైల్లో ఆ పేరు అలాగే ఉండిపోతుంది. రెండు జాబితాలు ఉన్నచోట ఏదో ఒకటి అబద్ధం చెబుతూనే ఉంటుంది. జాబితా ఒక్కటే ఉండాలి, సర్వర్ దాన్నే అడగాలి. డేటాబేస్‌తో వచ్చే అసలు లాభం ఇదే, భద్రత పెరగడం కాదు. తాళం వేసేది సర్వరే. డేటాబేస్ తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో రాసుకునే రిజిస్టర్ మాత్రమే. గొడవలు ఎక్కువగా వచ్చేది రిజిస్టర్‌లో కాదు, తలుపు దగ్గర.

ముందుగా ఒక మాట: కింద వచ్చే ఆదేశాల పేర్లు చదవడానికి వీలుగా విడదీసి రాశాం. కాన్ఫిగ్ ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి.

పనిముట్లు

అపాచీ 2.2 వచ్చిన 2005 నుంచి ఈ పనికి రెండు మాడ్యూళ్లు (సర్వర్‌కు తగిలించే అదనపు భాగాలు) సర్వర్‌తోనే వస్తున్నాయి. మాడ్ డీబీడీ డేటాబేస్ కనెక్షన్లను చూసుకుంటుంది. మాడ్ ఆథ్ఎన్ డీబీడీ ఆ కనెక్షన్‌పై ‘ఈ పేరుకు హ్యాష్ ఏది’ అని అడుగుతుంది. బ్రౌజర్‌లో పేరు, పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టెను తెప్పించే పని మాడ్ ఆథ్ బేసిక్‌ది. నెట్‌లో ఇంకా తిరుగుతున్న పాత పాఠాల్లో మాడ్ ఆథ్ మైఎస్‌క్యూఎల్ అనే వేరే మాడ్యూల్ కనిపిస్తుంది. దాని కాలం ఎప్పుడో చెల్లిపోయింది, 2.4 సర్వర్‌పై దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఉబుంటులో మాడ్యూళ్లను ఏ2ఎన్‌మాడ్ ఆదేశంతో లేపాలి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే డ్రైవర్ వేరే ప్యాకేజీలో ఉంటుంది, దాని పేరు లిబ్‌ఏపీఆర్‌యుటిల్1-డీబీడీ-మైఎస్‌క్యూఎల్. ఆల్మా, రాకీ లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబంలో అది ఏపీఆర్-యుటిల్-మైఎస్‌క్యూఎల్. ఇది లేకపోతే డ్రైవర్ ఫైలు లోడ్ కావడం లేదని ఎర్రర్ లాగ్‌లో ఒక వరస పడుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకో మెలిక: డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే ఎస్ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ దారి మూసేస్తుంది. ‘హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ డీబీ’ అనే మీట ఆన్ చేసేదాకా, పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా కనెక్షన్ కుదరదు.

పట్టిక

వినియోగదారు పేరుగా ఏది పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, నిజానికి మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సభ్యుల జాబితా తీసినా అప్పలరాజులు, అప్పలనాయుళ్లు, పైడిరాజులు, సింహాచలాలు ఒక్కరితో ఆగరు. పేరునే లాగిన్‌గా పెట్టి, ఆ కాలమ్‌కు యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న షరతు) పెట్టకపోతే ఇద్దరు అప్పలరాజులు పక్కపక్కనే కూర్చుంటారు. మాడ్ ఆథ్ఎన్ డీబీడీ తన క్వెరీకి, అంటే డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నకు, వచ్చిన జవాబులో మొదటి వరస, అందులో మొదటి కాలమ్ మాత్రమే చూస్తుంది. తక్కిన వరసలను పట్టించుకోదు. అంటే రెండో అప్పలరాజు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తలుపు తెరుచుకోదు, ఎందుకో లాగ్ కూడా చెప్పదు.

మొబైల్ నంబర్ పెడితే ఈ చిక్కు పోతుంది, ఇంకొకటి వస్తుంది. లాగిన్ అయిన వ్యక్తి పేరు అపాచీ యాక్సెస్ లాగ్‌లో ప్రతి వరసలోనూ పడుతుంది, కాబట్టి 180 మంది ఫోన్ నంబర్లు లాగ్ ఫైళ్లలోనూ, వాటి బ్యాకప్‌లలోనూ చేరతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. చిన్న సంఘంపై అంత పడుతుందని కాదు గానీ, అవసరం లేనిచోట నంబర్లు పారబోసుకోవడం ఎందుకు? సభ్యత్వ సంఖ్య అన్నిటికంటే మేలు.

ఆ సంఖ్యను మాత్రం అంకెల కాలమ్‌గా కాకుండా అక్షరాల కాలమ్‌గా, అంటే వార్‌క్యార్‌గా పెట్టాలి. అంకెల కాలమ్‌గా ఉంటే మైఎస్‌క్యూఎల్ పోల్చే ముందు ఎదుటిదాన్నీ అంకెగా మార్చేస్తుంది. 0147 కొట్టినా, 147 కొట్టినా, 147 పక్కన ఏవో అక్షరాలు తగిలించినా ఒకే సభ్యుడిగా లెక్క. పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రాలేరనుకోండి, కానీ లాగ్‌లో ఒకే మనిషి మూడు పేర్లతో తిరుగుతాడు. ఎవరు ఎన్నిసార్లు దించుకున్నారో లెక్క తీయబోతే అప్పుడు తెలుస్తుంది తంటా. అక్షరాల పేర్లయితే ఇంగ్లిష్ పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా కూడా ఇలాంటిదే: మైఎస్‌క్యూఎల్ మామూలు కొలేషన్లు (అక్షరాలను పోల్చే నియమాలు) ఆ తేడా చూడవు.

హ్యాష్ కాలమ్‌కు వార్‌క్యార్ 255 ఇవ్వాలి. బీక్రిప్ట్ అనే పద్ధతిలో చేసిన హ్యాష్ 60 అక్షరాలు. పాతకాలం పట్టికలో ఆ కాలమ్ 50కో 32కో ఉండి, మైఎస్‌క్యూఎల్ కఠిన పద్ధతి (స్ట్రిక్ట్ మోడ్) ఆపేసి ఉంటే తోక తెగిన హ్యాష్ చప్పుడు లేకుండా భద్రమవుతుంది. ఆ తర్వాత ఒక్కరూ లోపలికి రాలేరు.

పాస్‌వర్డ్ పెట్టే తెర పీహెచ్‌పీలో ఉంటే పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్‌కు బీక్రిప్ట్ అని పేరు పెట్టి చెప్పాలి. ఆర్గాన్2 మంచి పద్ధతే కానీ అపాచీకి అది చదవడం రాదు. ఎండీ5 ఫంక్షన్‌తో వచ్చే 32 అక్షరాల హ్యాష్‌ను కూడా అపాచీ ఒప్పుకోదు. అపాచీకి తెలిసిన ఎండీ5 వేరు: ఉప్పు కలిపి వెయ్యిసార్లు తిప్పే ఏపీఆర్1 రకం. అది కూడా ఇప్పుడు కొత్తగా పెట్టదగ్గది కాదు.

బీక్రిప్ట్‌కు 72 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లిష్ పాస్‌వర్డ్‌కు అది చాలా పెద్దదే. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు 3 బైట్లు తింటుంది. ‘శ్రీకాకుళం’ అన్న మాట కంటికి నాలుగైదు అక్షరాలే, లోపల మాత్రం వొత్తు, గుడి, కొమ్ము అన్నీ విడివిడిగా 10 గుర్తులు, 30 బైట్లు. అంటే 24 గుర్తుల తర్వాత ఏం కొట్టినా లెక్కలోకి రాదు. అంతకంటే చికాకు పెట్టేది కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని చొప్పిస్తాయి, కొన్ని చొప్పించవు. ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టిన తెలుగు పాస్‌వర్డ్ ఫోన్‌లో పనిచేయదు, చూస్తే రెండూ అచ్చు ఒకటే. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలతో ఉంచమనడం భాషాభిమానం లేక కాదు.

అపాచీకి అసలు పట్టిక చూపించకూడదు. చందా చెల్లుతున్నవారి సభ్యత్వ సంఖ్య, హ్యాష్ మాత్రమే ఉన్న ఒక వ్యూ (అసలు పట్టికలో కొంత భాగాన్నే చూపే ఉత్తుత్తి పట్టిక) తయారు చేసి, ఆ వ్యూపై సెలెక్ట్ హక్కు, అంటే చదివే హక్కు, తప్ప ఇంకేదీ లేని డేటాబేస్ వినియోగదారును సృష్టించాలి. మైఎస్‌క్యూఎల్ వ్యూలు మామూలుగా తయారుచేసినవారి హక్కులతో నడుస్తాయి కాబట్టి అసలు పట్టికపై అపాచీకి హక్కు ఇవ్వనక్కర్లేదు. చందా ముగిసే తేదీని వ్యూలోనే ఈ రోజు తేదీతో పోల్చితే ఎవరినీ చేత్తో తీసేసే పని ఉండదు, గడువు దాటినవారు వాళ్లంతట వాళ్లే రాలిపోతారు. సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే యూటీసీలో ఉంటే మాత్రం మార్చి 31న ముగియాల్సిన చందా ఏప్రిల్ 1 ఉదయం 5:30 దాకా నడుస్తుంది. ధరల పీడీఎఫ్ తెల్లవారుజామున 5 గంటలకు ఎక్కిస్తే కొత్త సంవత్సరం మొదటి రోజు రేటు ఎగవేతదారులకూ అందినట్టే.

కాన్ఫిగరేషన్

డేటాబేస్ కనెక్షన్ వివరాలు సర్వర్ స్థాయిలోనో వర్చువల్ హోస్ట్ (ఒక్కో సైట్‌కు రాసే సెట్టింగుల భాగం) లోపలో ఉండాలి. డ్రైవర్ పేరు చెప్పే ఆదేశం ‘డీబీ డ్రైవర్’. తక్కినవన్నీ డీబీడీతో మొదలవుతాయి కాబట్టి దీన్నీ ‘డీబీడీ డ్రైవర్’ అని రెండు డీలతో కొట్టి, తెలియని ఆదేశమని సర్వర్ మొరాయిస్తే గంటసేపు తల పట్టుకునేవారున్నారు. ఇందులో బీ తర్వాత డీ ఒక్కటే, రెండు మాటలకూ అదే.

‘డీబీడీ పారమ్స్’లో హోస్ట్, పోర్ట్, డేటాబేస్ పేరు, వినియోగదారు, పాస్‌వర్డ్ ఒకే కొటేషన్‌లో కామాలతో విడదీసి రాస్తారు. అందుకే ఆ పాస్‌వర్డ్‌లో కామా, సెమీకోలన్, నిలువు గీత, ఖాళీ ఉండకూడదు. ఉంటే అక్కడికి పాస్‌వర్డ్ తెగిపోతుంది. హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అంటే మైఎస్‌క్యూఎల్ సాకెట్ ఫైలు ద్వారా వెళ్తుంది, 127.0.0.1 అంటే పోర్ట్ 3306 ద్వారా వెళ్తుంది. కమాండ్ లైన్‌లో పనిచేసిన వినియోగదారు అపాచీ నుంచి ఎందుకు పనిచేయడంటే సగం సార్లు కారణం ఇదే. ఈ వరసలో పాస్‌వర్డ్ బాహాటంగా ఉంటుంది కాబట్టి దాన్ని వేరే ఫైల్లో పెట్టి, రూట్‌కు (సర్వర్ నిర్వాహకుడి ఖాతా) మాత్రమే చదివే హక్కు ఇవ్వాలి. అపాచీ మొదలయ్యేటప్పుడు రూట్‌గానే కాన్ఫిగ్ చదువుతుంది, ఇబ్బంది లేదు.

ఇక ఫోల్డర్ వైపు. డైరెక్టరీ బ్లాక్‌లో ‘ఆథ్ టైప్’ బేసిక్, ‘ఆథ్ నేమ్’లో పెట్టెపై కనబడే పేరు, ‘ఆథ్ బేసిక్ ప్రొవైడర్’ డీబీడీ, ‘రిక్వైర్ వ్యాలిడ్-యూజర్’, వీటితోపాటు ‘ఆథ్ డీబీడీ యూజర్ పీడబ్ల్యూ క్వెరీ’. చివరిదానిలో రాసేది మామూలు సెలెక్ట్ వాక్యం: వ్యూ నుంచి హ్యాష్ తెమ్మని, సభ్యత్వ సంఖ్య ఉండాల్సిన చోట శాతం గుర్తు పక్కన ఇంగ్లిష్ ఎస్. దాని చుట్టూ కొటేషన్లు పెట్టకూడదు. అపాచీ ఈ వాక్యాన్ని ముందే సిద్ధం చేయించుకుని, బ్రౌజర్ నుంచి వచ్చిన పేరును విలువగా విడిగా పంపుతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు, అంటే పేరు పెట్టెలోంచి డేటాబేస్ ఆదేశాలు దూర్చే దాడికి, అక్కడ సందు దొరకకపోవడానికి ఇదే కారణం. సెలెక్ట్‌లో హ్యాష్ తర్వాత ఇంకో కాలమ్ అడిగితే, ఉదాహరణకు సభ్యుడి ఊరు, అది ‘ఆథెంటికేట్’ ఉపసర్గతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా మారి పీహెచ్‌పీ స్క్రిప్టుకు అందుతుంది. సోంపేటవారికి ఒక పేజీ, మందసవారికి ఇంకో పేజీ చూపించాలంటే మళ్లీ డేటాబేస్‌ను అడగనక్కర్లేదు.

గుంపుల వారీగా అనుమతి కావాలంటే మాడ్ ఆథ్‌జెడ్ డీబీడీ ఉంది. అందులో కాలమ్ పేరు ‘గ్రూప్’ అని మాత్రం పెట్టకూడదు. అది ఎస్‌క్యూఎల్ సొంత మాట, క్వెరీ అక్కడే విరిగిపోతుంది.

తలుపు పక్కనే తెరిచి ఉన్న కిటికీలు

కాన్ఫిగ్ అంతా రాశాక పాస్‌వర్డ్ పెట్టె వస్తే పని అయిపోయిందనుకుంటారు. పెట్టె రావడం ఒక సంగతి, ఫోల్డర్ మూసి ఉండటం ఇంకో సంగతి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రిక్వైర్ వరసల మధ్య సంబంధం. 2.4లో ఒకే బ్లాక్‌లో రెండు రిక్వైర్ వరసలుంటే వాటిలో ఏ ఒక్కటి నెగ్గినా లోపలికి పంపేస్తుంది. పాత ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ వరస తీయకుండా దాని కింద ‘రిక్వైర్ వ్యాలిడ్-యూజర్’ చేరిస్తే అది తాళం కాదు, తాళం బొమ్మ. ఆఫీసు ఐపీ నుంచి వచ్చి, పైగా లాగిన్ కూడా అయి ఉండాలంటే ఆ రెండింటినీ ‘రిక్వైర్ ఆల్’ బ్లాక్‌లో పెట్టాలి. లోపలి ఫోల్డర్లదీ ఇలాంటి కథే. ‘ధరలు’ కింద ‘పాతవి’ అనే ఫోల్డర్‌కు విడిగా ఏదైనా రిక్వైర్ రాస్తే పైనున్నది దానికి కలవదు, కొత్తది పాతదాన్ని తోసేస్తుంది. కలపాలంటే ‘ఆథ్ మెర్జింగ్’ వాడాలి.

రెండోది: తాళాన్ని డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో (ఫోల్డర్ లోపలే ఉంచే అపాచీ సెట్టింగుల ఫైలు) పెట్టడం. 2.4లో ‘అలవ్ ఓవర్‌రైడ్’ మామూలుగా ‘నన్’. అంటే ఆ ఫైల్‌ను సర్వర్ తెరిచి కూడా చూడదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఫోల్డర్ బార్లా తెరిచి ఉంటుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే ఇంకో వెబ్ సర్వర్ అయితే ఏ సెట్టింగుతోనూ ఆ ఫైల్‌ను చదవదు. హోస్టింగ్ మారినప్పుడు, అపాచీ నుంచి ఎన్‌జిన్‌ఎక్స్‌కు వెళ్లినప్పుడు ఇది చాలాసార్లు జరుగుతుంది, సభ్యులెవరూ ఫిర్యాదు చేయరు కూడా. పాస్‌వర్డ్ అడగలేదని ఎవరు ఫోన్ చేస్తారు?

పాత పాఠాల్లో రిక్వైర్ వరస చుట్టూ ‘లిమిట్ గెట్ పోస్ట్’ అనే బ్లాక్ కనిపిస్తుంది. దాని అర్థం ఆ రెండు రకాల అభ్యర్థనలకే కాపలా అని, తక్కిన పద్ధతుల్లో వచ్చేవారికి అడ్డు లేదని. తీసేయాలి. డైరెక్టరీ బదులు లొకేషన్ బ్లాక్ వాడితే తాళం చిరునామాకు పడుతుంది, ఫోల్డర్‌కు కాదు. అదే ఫోల్డర్‌కు ఎలియాస్ ద్వారా ఇంకో చిరునామా ఉంటే అటునుంచి నడిచి రావచ్చు.

బేసిక్ పద్ధతిలో పేరు, పాస్‌వర్డ్ ప్రతి అభ్యర్థనతోనూ వెళ్తాయి, అదీ బేస్64 రూపంలో. అది గూఢలిపి కాదు, ఎవరైనా ఒక్క క్షణంలో విప్పగలరు. కాబట్టి హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఈ పనంతా వృథా. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే, డబ్బు సాకు చెల్లదు. తాళం పోర్ట్ 443 వర్చువల్ హోస్ట్‌లో మాత్రమే ఉండాలి, 80లో దారి మళ్లింపు తప్ప ఇంకేమీ ఉండకూడదు. రెండింటికీ కలిపి తాళం వేస్తే పాస్‌వర్డ్ మొదట బట్టబయలుగా పోర్ట్ 80 మీద ప్రయాణిస్తుంది.

బేసిక్ పద్ధతికి లాగౌట్ అంటూ లేదు. బ్రౌజర్ పూర్తిగా మూసేదాకా పాస్‌వర్డ్ గుర్తుంచుకుంటుంది. కాశీబుగ్గ బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుని రేట్లు చూసి ట్యాబ్ మాత్రం మూసి లేచిపోతే, తర్వాత కూర్చున్నవాడికీ ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఈ పద్ధతి ఆపదు కూడా. ఆ పనికి, పదేపదే తప్పు కొట్టేవారిని అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ అనే పనిముట్టులో అపాచీ-ఆథ్ జైలు ఆన్ చేయాలి. ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్01617 అంటే పాస్‌వర్డ్ తప్పు, ఏహెచ్01618 అంటే ఆ పేరే లేదు. రెండోది వరసగా పదుల సంఖ్యలో కనబడితే అది మర్చిపోయిన సభ్యుడు కాదు.

నెమ్మది ఎక్కడ నుంచి వస్తుంది

రేట్ల పేజీలో 40 చిన్న బొమ్మలున్నాయనుకోండి. పేజీ తెరిస్తే 41 అభ్యర్థనలు, ప్రతిదానికీ ఒక డేటాబేస్ ప్రశ్న, ఒక బీక్రిప్ట్ సరిచూపు. ప్రశ్నల బాధ తగ్గించడానికి మాడ్ ఆథ్ఎన్ ఎస్‌ఓక్యాష్ ఉంది. ప్రొవైడర్ల వరసలో దాన్ని డీబీడీ కంటే ముందు రాసి, ‘ఆథ్ఎన్ క్యాష్ ప్రొవైడ్ ఫర్’లో డీబీడీ అని చెప్పాలి. తెచ్చిన హ్యాష్‌ను మామూలుగా 300 సెకన్లు దాచుకుంటుంది.

అది దాచేది హ్యాష్‌నే, ఫలితాన్ని కాదు. బీక్రిప్ట్ లెక్క ప్రతిసారీ మళ్లీ జరుగుతుంది. క్యాష్ పెట్టినా సైట్ ఈడ్చుకుంటూ నడవడానికి కారణం ఇదే, మంది వెతికేది మాత్రం మైఎస్‌క్యూఎల్‌లో. బీక్రిప్ట్ కాస్ట్ (లెక్క ఎంత బరువుగా ఉండాలో చెప్పే అంకె) ఒక్కటి పెరిగితే సమయం రెట్టింపు. హెచ్‌టీపాస్‌వర్డ్ పనిముట్టు బీక్రిప్ట్‌కు 5 పెడుతుంది, పీహెచ్‌పీ చాలాకాలం 10 పెట్టింది, 8.4 నుంచి 12 పెడుతోంది. 5 నుంచి 10కి 32 రెట్లు, 12కి 128 రెట్లు. ఒక సరిచూపుకు 60 మిల్లీసెకన్లు పట్టే మెషీన్‌లో 41 అభ్యర్థనలంటే ఒక కోర్‌పై దాదాపు రెండున్నర సెకన్లు, అదీ ఒక్క సభ్యుడికి. పొద్దున ఎనిమిదింటికి యాభైమంది ఒకేసారి తెరిస్తే చిన్న వీపీఎస్ (అద్దెకు తీసుకునే వర్చువల్ సర్వర్) ఊపిరాడక కూర్చుంటుంది. మందు కాస్ట్‌ను 5కు దించడం కాదు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు తాళం బయటి ఫోల్డర్‌లో పెట్టి, రహస్యమైన పీడీఎఫ్ మాత్రమే లోపల ఉంచితే అభ్యర్థనలు రెండుకు దిగుతాయి.

క్యాష్‌కు ఇంకో దుష్ప్రభావం. సభ్యుడు పాస్‌వర్డ్ మార్చుకున్న వెంటనే కొత్తది కొడితే దాచిన పాత హ్యాష్‌తో పోల్చి తిరస్కరిస్తుంది, ఐదు నిమిషాలదాకా పాతదే చెల్లుతుంది. గుమాస్తాకు ఈ ముక్క ముందే చెప్పి ఉంచితే మూడోసారి, నాలుగోసారి మార్చే పని తప్పుతుంది.

కనెక్షన్ల లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. ‘డీబీడీ మ్యాక్స్’ సర్వర్ మొత్తానికి కాదు, ఒక్కో ప్రాసెస్‌కు, మామూలు విలువ 10. అపాచీ ఈవెంట్ పద్ధతి సొంత విలువలతో 16 ప్రాసెస్‌ల దాకా వెళ్లగలదు, అంటే 160 కనెక్షన్లు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒప్పుకునేది 151. ఉబుంటు తన ప్యాకేజీలో 150 వర్కర్లకు, అంటే 6 ప్రాసెస్‌లకు కట్టేసింది కాబట్టి అక్కడ 60తో సరిపోతుంది. ప్రీఫోర్క్ పద్ధతిలో ప్రాసెస్‌కు ఒక కనెక్షన్, అపాచీ సొంత హద్దు 256. రద్దీ వచ్చిన రోజే ఇది బయటపడుతుంది, మిగతా ఏడాదంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

డేటాబేస్ అందకపోతే సభ్యుడికి పాస్‌వర్డ్ పెట్టె మళ్లీ రాదు, 500 ఎర్రర్ వస్తుంది. 401 అంటే పేరో పాస్‌వర్డో తప్పు, 500 అంటే రిజిస్టరే దొరకలేదు. ఈ తేడా తెలిస్తే ఫోన్‌లోనే సగం రోగం తేలుతుంది. చందా లెక్కల కంప్యూటర్ సంఘం ఆఫీసులోనే ఉంది కదా అని వెబ్ సర్వర్‌ను ఎక్కడి నుంచో దాన్నే అడిగేలా పెట్టడం ఇక్కడ బెడిసికొడుతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు కూలి కొన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుఫాను దాకా ఎందుకు, ఒక మధ్యాహ్నం కరెంటు పోయినా చాలు. లాగిన్‌కు కావాల్సిన వ్యూ మేరకైనా ఒక ప్రతి వెబ్ సర్వర్ పక్కనే ఉండాలి. 3306 పోర్ట్‌ను లోకమంతటికీ తెరిచి ఆఫీసు కంప్యూటర్‌ను కలపడం ఎలాగూ చేయకూడని పని.

షేర్డ్ హోస్టింగ్ ఉన్నవారికి

ఏడాదికి రెండు మూడు వేలు కట్టే షేర్డ్ హోస్టింగ్‌లో పైన చెప్పినదేదీ కుదరదు. డీబీ డ్రైవర్, డీబీడీ పారమ్స్, క్వెరీ ఆదేశం, వీటిలో ఒక్కటీ డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో చెల్లదు. సర్వర్ కాన్ఫిగ్ మన చేతిలో ఉండదు. సీప్యానెల్‌లో ఉన్న ‘డైరెక్టరీ ప్రైవసీ’ ఫైలు పద్ధతే, డేటాబేస్ పద్ధతి కాదు.

అక్కడ దారి పీహెచ్‌పీ కాపలాదారు. ఫైళ్లను పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ బయట పెట్టాలి, చిరునామా ద్వారా నేరుగా చేరే మార్గమే ఉండకూడదు. లాగిన్ పేజీ పాస్‌వర్డ్ వెరిఫైతో సరిచూసి, సెషన్ ఐడీ మార్చి, ఆ తర్వాత ఒకే స్క్రిప్టు ఫైళ్లను చదివి పంపుతుంది. బీక్రిప్ట్ లెక్క లాగిన్‌కు ఒక్కసారే, లాగౌట్ కూడా ఉంటుంది. నిజం చెప్పాలంటే 180 మంది ఫోన్లలో చూసే సైట్‌కు వీపీఎస్ ఉన్నా ఇదే సుఖం. డీబీడీ పద్ధతి మెరిసేది స్క్రిప్టు రాయకుండా ఫోల్డర్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు మూయాల్సినప్పుడు.

స్క్రిప్టు ఫైలు పేరును చిరునామాలోంచి తీసుకోకూడదు. రెండు చుక్కలు, గీత వరసగా కొట్టి ఫోల్డర్ దాటి పైకెక్కి కాన్ఫిగ్ ఫైలే దించుకుపోతారు. చిరునామాలో ఒక సంఖ్య ఉండాలి, ఆ సంఖ్యకు ఏ ఫైలో డేటాబేస్ చెప్పాలి. పెద్ద ఫైలు పంపే ముందు సెషన్ రైట్ క్లోజ్ పిలవాలి. పిలవకపోతే ఆ సభ్యుడి సెషన్ ఫైలు తాళం పడి ఉండి, పీడీఎఫ్ దిగేదాకా అతని మిగతా పేజీలేవీ తెరుచుకోవు. నెమ్మది నెట్‌వర్క్‌లో సైట్ చచ్చిపోయిందన్న ఫిర్యాదు చాలాసార్లు ఇదే.

వర్డ్‌ప్రెస్ సైట్ ఉన్నవారికి దాని సభ్యుల పట్టికనే అపాచీకి చూపిద్దామన్న ఆశ పుడుతుంది. కుదరదు. పాత వర్డ్‌ప్రెస్ హ్యాష్ దాని సొంత రకం. 6.8 నుంచి బీక్రిప్ట్‌కు మారినా పాస్‌వర్డ్‌ను ముందు ఇంకో హ్యాష్ గుండా పంపి, వచ్చిన హ్యాష్ మొదట్లో తన గుర్తు తగిలిస్తుంది. అపాచీకి అదీ అర్థం కాదు. ఇంకో భ్రమ: పేజీని ప్రైవేట్ చేస్తే అందులోని పీడీఎఫ్ కూడా దాగిందనుకోవడం. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లోని ఫైలు చిరునామా తెలిసిన ఎవరికైనా తెరుచుకుంటుంది.

సరిచూడటం

పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్న బ్రౌజర్‌తో పరీక్షిస్తే ఏమీ తెలియదు. కమాండ్ లైన్ నుంచి వెబ్ చిరునామాను అడిగే కర్ల్ ఆదేశంతో పీడీఎఫ్ పూర్తి చిరునామానే అడగాలి, ఫోల్డర్‌ను కాదు. పాస్‌వర్డ్ లేకుండా 401 రావాలి. తప్పు పాస్‌వర్డ్‌తో 401, సరైనదానితో 200 (అంటే ఫైలు అందింది), చందా ముగిసిన సభ్యుడి సరైన పాస్‌వర్డ్‌తో మళ్లీ 401. లోపలి ఫోల్డర్లలోని ఒక్కో ఫైలుకు కూడా ఇదే. చివరగా మైఎస్‌క్యూఎల్‌ను ఒక్క నిమిషం ఆపి, క్యాష్‌లో లేని సభ్యుడితో అడిగితే 500 రావాలి. అప్పుడు 200 వచ్చిందంటే సర్వర్ ఆ ఫోల్డర్ కోసం డేటాబేస్‌ను అడగడమే లేదు, లోపలికి పంపుతున్నది వేరే రిక్వైర్ వరస. ఈ నాలుగైదు వరసలను ఒక చిన్న స్క్రిప్టులో పెట్టి, సర్వర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ, హోస్టింగ్ మార్చిన ప్రతిసారీ నడపాలి. మొదటి వరసలో 401 బదులు 200 కనబడిన రోజున, ధరల పీడీఎఫ్ అప్పటికే ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో కనుక్కోవడం మాత్రం ఏ లాగ్ వల్లా కాదు.